పాత పెట్టెకు కొత్త పడుగు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు ముగిసింది. ఆ తేదీకి కాస్త అటూ ఇటూగా శాంతి నగర్, పద్మా నగర్, కామత్‌ఘర్ వైపు మనవాళ్ళ ఆఫీసుల్లో పాత కంప్యూటర్లు పోయి విండోస్ 11 ఉన్న కొత్తవి వచ్చాయి. కొత్తదానికి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. తీరా టాలీ తెరవబోతే కంపెనీ పేరు లేదు. జెడ్ డ్రైవ్ లేదు. పదేళ్ళుగా టేబుల్ కింద చిన్న దీపం వెలిగించుకుని కూర్చున్న పెట్టె మాత్రం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కొత్త కంప్యూటరే దాన్ని గుర్తుపట్టడం లేదు!

ఆ పెట్టెను కుర్రాళ్ళు 'నాస్' అంటారు. నెట్‌వర్క్‌కు తగిలించే నిల్వ పెట్టె అన్నమాట. చూడటానికి రొట్టెల డబ్బా అంత ఉంటుంది. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులు, వాటిని నడిపే ఒక చిన్న కంప్యూటరు. ఆఫీసులో నలుగురు కూర్చుంటే నలుగురికీ ఒకే బీరువా. సుమారు 2010 నుంచి 2015 దాకా మన సైజింగు వాళ్ళూ, గ్రే క్లాత్ వ్యాపారులూ, కొంచెం ముందుచూపు ఉన్న సాంచాల ఆసాములూ ఇవి బాగానే కొన్నారు. కొన్నవాళ్ళు మళ్ళీ వాటి ముఖం చూడలేదు. నడుస్తోంది కదా, దాని జోలికి ఎందుకు అన్న ధీమా!

బీకాం చదివి బ్యాంకులో పనిచేసే వాడికి ఈ డిస్కుల గొడవ ఏమిటని మీరడగవచ్చు. రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చిన తర్వాత బ్యాంకుల్లోకి యంత్రాలు మెల్లమెల్లగా దిగాయి. నేను చేరేనాటికి మా శాఖలో లెడ్జర్ పోస్టింగు యంత్రాలు వచ్చేశాయి. రోజు లెక్క ముగిశాక ఫ్లాపీలోకి నకలు తీసి, తేదీ వేసి, సంతకం పెట్టి బయటి చోటుకు పంపించేదాకా ఇంటికి కదలనిచ్చేవారు కాదు మా మేనేజరు గారు. తర్వాత కోర్ బ్యాంకింగు వచ్చినప్పుడు వేల ఖాతాలను పాత యంత్రం నుంచి కొత్తదానికి మార్చాం. ఆ అలవాటు చేతికి అంటుకుంది. అందుకే శాంతి నగర్ మిత్రులు లోను కాగితాలతో పాటు ఈ పెట్టెల సంగతి కూడా నన్నే అడుగుతారు.

సరే, ముందుగా కొత్త కంప్యూటరు పాత పెట్టెను ఎందుకు గుర్తుపట్టదో చూద్దాం. రెండు యంత్రాలు ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక భాష ఉంది. దాని పేరు ఎస్ఎంబీ. 1980లలో పుట్టిన మొదటి రూపంలో కాపలా బొత్తిగా లేదు. 2017 మే 12న వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచం మీద పడింది కదా, అది దూరింది ఈ పాత భాష సందులోంచే. బ్రిటన్ ఆసుపత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. చిత్రమేమిటంటే మైక్రోసాఫ్ట్ వారు దానికి మందు అదే ఏడాది మార్చిలోనే విడుదల చేశారు. వేసుకోనివాళ్ళకే జబ్బు చేసింది. ఆ దెబ్బతో 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి పాత భాషను మామూలుగా ఎక్కించడం మానేశారు. 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పు ఇంకొక అడుగు వేసింది. పెట్టె పంపే ప్రతి సందేశం మీద సంతకం ఉండాలంది. పాస్‌వర్డ్ లేని అతిథులను లోపలికి రానివ్వనంది. బ్యాంకు వాడిగా నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. సంతకం లేని చెక్కు తెస్తే కౌంటరులో నేనైనా తిప్పి పంపుతాను.

మెకానిక్కును పిలిస్తే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. కంప్యూటరులో ఆ పాత భాషను మళ్ళీ ఎక్కించి, సంతకం నిబంధన తీసేసి, "అయిపోయింది సేట్" అని చెయ్యి చాపుతాడు. పని నడుస్తుంది. కానీ అది తాళం చెవి పోయిందని తలుపే ఊడదీయడం లాంటిది. ఇక్కడ మారవలసింది కొత్త కంప్యూటరు కాదు, పాత పెట్టె. దాని లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మారాలి. పదేళ్ళు తిరిగిన డిస్కులు కూడా ఆ చేత్తోనే మారాలి.

ఇది మన ఊరికి కొత్త విద్యేమీ కాదు. 2017 ఏప్రిల్ 1న పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని అప్పటి కేంద్ర జౌళి శాఖ మంత్రి స్మృతి ఇరానీ గారు మన భివండీలోనే ప్రారంభించారు. అందులో ఒక అంశం ప్లెయిన్ సాంచాలను ఉన్నచోటనే మెరుగుపరచడం. చట్రం అదే ఉంటుంది. పేక తెగితే ఆగే సాధనం, పడుగు తెగితే ఆగే సాధనం, మంచి బ్రేకు బిగిస్తారు. పాతదాన్ని తూకానికి అమ్మి రేపియర్ కొనేంత స్తోమత అందరికీ ఉండదు గనుక మధ్యేమార్గం. నాస్ పెట్టె సంగతీ అంతే.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, నేతవాళ్ళ పిల్లలకు తెలియాలి. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జకార్డ్ అనే ఆయన చిల్లుల అట్టలతో మగ్గం మీద డిజైను నేయించాడు. ఆ చిల్లుల అట్టల ఆలోచననే హాలెరిత్ అనే అమెరికా ఆయన 1890 జనాభా లెక్కలకు వాడాడు. ఆయన పెట్టిన కంపెనీ మరికొన్నింటితో కలిసి తర్వాత ఐబీఎం అయింది. ఆ ఐబీఎం వారే 1956లో మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రాన్ని బయటికి తెచ్చారు. దాంట్లో రెండడుగుల వ్యాసం ఉన్న పళ్ళేలు 50. బరువు టన్ను పైమాటే. పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి ఒక్క ఫోటోకు కూడా అది చాలదు. మొత్తానికి ఈ పెట్టె మనకు పరాయిది కాదు, మగ్గం వైపు చుట్టమే.

ఇక పెట్టె లోపలి లెక్క. రెండు డిస్కుల పెట్టెలో సాధారణంగా రెండింటిలోనూ ఒకే సరుకు రాస్తారు. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది. దీన్ని అద్దం పద్ధతి అందాం. మూడు నాలుగు డిస్కులుంటే ఇంకొక తెలివైన పద్ధతి ఉంది. మొదటి డిస్కులో 340, రెండోదానిలో 225 ఉన్నాయనుకోండి. మూడోదానిలో మొత్తం 565 రాస్తారు. రెండో డిస్కు కాలిపోయిందా, 565లోంచి 340 తీసేస్తే 225 తిరిగి వస్తుంది. యంత్రం కూడికకు బదులు వేరే లెక్క వాడుతుంది గానీ సూత్రం ఇదే. చిట్టాలో ఒక అంకె చెరిగితే మొత్తాన్ని బట్టి రాబట్టగలం. రెండు చెరిగితే ఏ చార్టర్డ్ అకౌంటెంటూ రాబట్టలేడు. ఈ పద్ధతులన్నింటికీ కలిపి రెయిడ్ అని పేరు. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయం నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ప్రచురించిన పరిశోధనా పత్రంతో ఆ పేరు స్థిరపడింది.

ఇక్కడే మనవాళ్ళలో ఒక పెద్ద అపోహ ఉంది. "రెండు డిస్కులున్నాయి కదండీ, బ్యాకప్ ఎందుకు?" అంటారు. అద్దం ముందు మీరు నిలబడి మీసం తీసేస్తే అద్దంలో మనిషి మీసం ఉంచుకుంటాడా? గుమస్తా పొరపాటున ఒక ఫోల్డరు చెరిపితే అది రెండు డిస్కుల్లోనూ అదే క్షణం చెరుగుతుంది. వైరస్ తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పెట్టెలు వాడే వాళ్ళు ఎన్నో దేశాల్లో ఒక ఉదయం లేచి చూసుకుంటే పెట్టె కొత్తగా కొన్నప్పటిలా ఖాళీగా ఉంది. ఇంటర్నెట్ ద్వారా ఎవరో దాన్ని తుడిచేశారు. ఆ పెట్టెలు 2010లో మార్కెట్లోకి వచ్చినవి, 2015 తర్వాత వాటికి కంపెనీ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ రాలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో క్యూనాప్ పెట్టెల మీద ఇంకో ముఠా పడి ఫైళ్ళన్నింటికీ తాళాలు వేసి డబ్బులు అడిగింది. అందులో డిస్కుల తప్పేమీ లేదు. అవి నిక్షేపంగా తిరుగుతూనే ఉన్నాయి.

పోతే ఏం పోతుందో కూడా చూసుకోవాలి కదా. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అంటే 2023-24 లెక్కలు 2030 డిసెంబరు 31 దాకా మీ దగ్గర ఉండాలి. అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. జాబ్ వర్కు చలాన్లు, తాకాల లెక్క, బీముల లెక్క, జకార్డ్ డిజైన్లు అన్నీ అందులోనే. వీటికి తోడు మనవాళ్ళు ఇల్లూ ఆఫీసూ అన్న భేదం లేకుండా సమస్తం ఆ పెట్టెలోకే తోస్తారు. సిరిసిల్ల పక్క ఊళ్ళో పొలం పాసుపుస్తకం స్కాన్ కాపీ, పెద్దమ్మాయి పదో తరగతి మార్కుల జాబితా, వీసీఆర్ క్యాసెట్ నుంచి మార్పించిన 1996 నాటి పెళ్ళి. బిల్లు పోతే జరిమానా కట్టి బయటపడతాం. రెండో రకం సరుక్కి జరిమానా కట్టించుకునేవాడు కూడా ఉండడు.

శాంతి నగర్‌లో సైజింగు నడిపే ఒక మిత్రుడి పెట్టెను మొన్న దీపావళి సెలవుల్లో మార్చాం. సాంచాలు ఆగేది అప్పుడే కదా. రెండు టీబీల డిస్కులు రెండు, 2014లో వేసినవి. వాటి స్థానంలో నాలుగు టీబీలవి వేయాలని సంకల్పం. ఆయన తమ్ముడు ముందు రోజే కొత్త డిస్కులు తెచ్చి, పాతవి రెండూ ఒకేసారి లాగేయబోతే ఆపాను. కారణం ఏమిటంటే చాలా పెట్టెల్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది పెట్టెలో కాదు, డిస్కుల మీదనే, ఒక చిన్న గదిలో. రెండూ తీసేస్తే పెట్టెకు తానెవరో కూడా గుర్తుండదు.

మగ్గం మీద బీము అయిపోతే మన వాళ్ళేం చేస్తారు? పాత పడుగు కొసలను పన్నెలోంచి లాగిపారేయరు. అవి అలాగే ఉంచి కొత్త బీము పోగులను ఒక్కొక్కటే ముడివేసి అతికి, మెల్లగా ముందుకు లాగుతారు. లాగిపారేస్తే మళ్ళీ ప్రతి పోగునూ పన్నెలోకి ఎక్కించాలి. డిస్కుల మార్పిడీ అచ్చంగా ఇదే. ఒక పాత డిస్కు తీసి, కొత్తది పెట్టి, మిగిలిన పాతదాని మీది సరుకంతా కొత్తదాని మీదికి ఎక్కేదాకా ఆగాలి. ఆ తర్వాతే రెండోది. రెండూ కొత్తవయ్యాక పెట్టెకు "ఇల్లు విశాలమైంది, వాడుకో" అని చెబితే మిగతా జాగా కలుపుకుంటుంది.

అయితే దీనికన్నా ముందు చేయవలసినవి ఉన్నాయి, అసలు పని అంతా అక్కడే. ముందు సరుకంతా వేరే యూఎస్‌బీ డిస్కులోకి నకలు తీయాలి. తీసి, ఆ డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి, నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలు, అకౌంటులో డబ్బుందో లేదో చూడకుండా ఇచ్చిన చెక్కు. తర్వాత పెట్టె సెట్టింగుల ఫైలు విడిగా దించుకోవాలి. వాడేవాళ్ళ పేర్లు, ఫోల్డర్ల పేర్లు కాగితం మీద రాసుకోవాలి. ఫోల్డరు పేరులో ఒక్క అక్షరం మారినా టాలీకి దారి తెలియదు, మళ్ళీ కంపెనీ లేదంటుంది. తర్వాత డిస్కుల ఆరోగ్యం చూడాలి. ప్రతి డిస్కూ తన జబ్బుల చిట్టా తనే రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. అందులో పాడైన చోట్లు వదిలి వేరే చోటికి మార్చిన లెక్క, చదవలేక పెండింగు పెట్టిన చోట్ల లెక్క ఉంటాయి. అవి సున్నా అయితే నిశ్చింత. రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్కు మంచం పట్టినట్టే. వేలాది డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2013 నుంచి తన డిస్కుల లెక్కలు ప్రకటిస్తోంది. ఏడాదికి నూటికి ఒకటో రెండో పోతుంటాయి. ఆ ఒకటి మీది కాకూడదని రాసిపెట్టి లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ ముందా, డిస్కులు ముందా? నా అభిప్రాయంలో పాత డిస్కులు ఆరోగ్యంగా ఉంటే ఆపరేటింగ్ సిస్టమే ముందు. కొత్త పెద్ద డిస్కులను గుర్తుపట్టే తెలివి కొత్త సిస్టముకే ఉంటుంది. డిస్కు జబ్బుతో ఉంటే మాత్రం డిస్కే ముందు. రోగిని ఇల్లు మార్చరు. ఇంకొకటి, బాగా పాత కూర్పు నుంచి సరికొత్తదానికి ఒక్క గెంతులో పోకూడదు. మధ్య మెట్లు ఎక్కాలి. పెట్టె నిరాకరిస్తే కోపగించి బలవంతం చేయకండి. కొన్ని కంపెనీల పాత పెట్టెల్లో కొత్త తరం సిస్టమ్ ఎక్కించాలంటే డిస్కులు పూర్తిగా తుడిచి మొదటి నుంచి మొదలెట్టాలి. అది ముందే చదువుకోవాలి. ఎక్కాక దిగడం కూడా సాధారణంగా కుదరదు. సైనాలజీ వారి ఏడో తరం సిస్టమ్ 2021లో వచ్చింది. అందులోకి వెళ్ళాక పాతదానికి తిరిగి రావడానికి వారు దారి ఇవ్వలేదు.

మా మిత్రుడి పెట్టెలో ఒక డిస్కు జబ్బుతోనే ఉంది. అందువల్ల దాన్నే ముందు తీశాం. రెండు టీబీల సరుకు కొత్త డిస్కు మీదికి ఎక్కడానికి ఎంతసేపు? ఆ ముసలి పెట్టె సెకనుకు 40 ఎంబీలకు మించి కదలలేదు. లెక్క కట్టండి, 50 వేల సెకన్లు, దాదాపు 14 గంటలు. ఆ 14 గంటలూ మిగిలిన పాత డిస్కు ఒంటరిది. దానికేమైనా అయితే ఉన్నది నకలు మాత్రమే. అందుకే నకలు తీయకుండా ఈ పని మొదలెట్టే వాళ్ళను చూస్తే నాకు హామీ లేకుండా లోను ఇచ్చినంత భయం. రాత్రంతా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. వదినగారు మాత్రం "ఆ దీపం ఇంకా ఆరలేదా?" అని రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు.

కొత్త డిస్కు కొనేటప్పుడు టీబీ లెక్క ఒక్కటే చూడకండి. డిస్కు మీద రాత రెండు రకాలు. ఒకటి చారలు పక్కపక్కన, చేలో సాళ్ళలాగా. రెండోది గూనపెంకుల్లాగా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కించి. పెంకుల పద్ధతిలో తక్కువ చోట ఎక్కువ పడుతుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదివన్నీ కదపాలి. మామూలు నకళ్ళు దాచుకోవడానికి పరవాలేదు గానీ గంటల తరబడి ఆగకుండా రాయవలసిన మన పనిలో అది ఆయాసపడుతుంది, ఒక్కోసారి పెట్టె దాన్ని చెడిపోయిందనుకుని బయటికి నెట్టేస్తుంది. 2020 ఏప్రిల్‌లో నాస్ కోసమని అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో రెండు నుంచి ఆరు టీబీల రకాలు కొన్ని ఈ పెంకుల పద్ధతివని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాత వారు సాళ్ళ పద్ధతి వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. దుకాణంలో అడగవలసిన మాట సీఎంఆర్. ఎస్ఎంఆర్ అంటే పెంకులు.

పాత పెట్టెలకు వయసు వల్ల వచ్చిన హద్దులు కూడా ఉన్నాయి. డిస్కు మీది గళ్ళను 32 అంకెల లెక్కతో నంబర్లు వేసే పాత విధానంలో 2.2 టీబీలు దాటిన జాగాకు నంబరే ఉండదు. ఉన్నా వాడలేం. ఇంకొన్ని పెట్టెలు ఒకే ఖాతాగా 16 టీబీలు దాటనివ్వవు. అందుకని పెట్టె కంపెనీ ప్రకటించిన డిస్కుల జాబితా చూసే కొనాలి. ఇంకొక సందేహం ఎప్పుడూ అడుగుతారు. నాలుగు టీబీలని కొంటే కంప్యూటరు 3.63 అని చూపిస్తుంది, మోసమా అని. మోసం కాదు. కంపెనీ వాడు వెయ్యితో లెక్క కడతాడు, విండోస్ 1024తో. తూకం ఒకటే, సేరు వేరు.

కంపెనీయే కొత్త సిస్టమ్ ఇవ్వడం మానేస్తే ఏమిటి దారి? ఓపెన్‌మీడియావాల్ట్, ట్రూనాస్ వంటి ఉచిత సిస్టములున్నాయి. కంప్యూటరు చదివే మేనల్లుళ్ళు ఇవి చెప్పి ఊరిస్తారు. ట్రూనాస్ తక్కువలో తక్కువ 8 జీబీల మెమరీ అడుగుతుంది. మన పాత పెట్టెల్లో అరజీబీ ఉంటే గొప్ప. పాత డెస్క్‌టాప్ కంప్యూటరు మీద వేసుకుంటే మంచిదే గానీ, ఆ రొట్టెల డబ్బాలో మాత్రం కుదరదు. అప్పుడు చేయవలసిందల్లా డిస్కులు కొనడం ఆపి కొత్త పెట్టె కొనడం. పాత పెట్టెకు ఇంటర్నెట్ తీసేసి, నకలు దాచే గోడౌనుగా మార్చడం. భివండీ వాళ్ళకు గోడౌన్ విలువ నేను చెప్పాలా?

మన ఊరి బాధలు మూడు వేరే ఉన్నాయి, ఏ కంపెనీ పుస్తకంలోనూ రాయరు. మొదటిది దూది నుసి. సాంచాల పక్కనున్న ఆఫీసులో పెట్టె ఫ్యాను ఆరు నెలల్లో కంబళి కప్పుకుంటుంది. లోపల వేడెక్కి డిస్కులు చస్తాయి. మిత్రుడి పెట్టె మూత తీసినప్పుడు వచ్చిన నుసితో ఒక దిండు కుట్టవచ్చు. మెత్తని బ్రష్షుతో తుడవండి, నోటితో ఊదకండి. రెండోది అదురు. డిస్కు తల పళ్ళెం మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎత్తు కూడా లేకుండా తేలుతుంటుంది. 2008 చివరి రోజుల్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల బీరువా దగ్గర నిలబడి గట్టిగా అరిస్తే, ఆ అరుపుకే డిస్కులు తడబడి ఆలస్యం కావడం తెర మీద గీతల్లో కనిపించింది. ఆ వీడియో ఇప్పటికీ జనం చూస్తున్నారు. అరుపుకే అలా అయితే పగలూ రాత్రీ కొట్టే సాంచాల సంగతేమిటి? పెట్టెను సాంచాల షెడ్డుతో కలిసిన గోడ బల్ల మీద పెట్టకండి. కింద మందపాటి రబ్బరు వేయండి. మూడోది కరెంటు. 2007 జనవరిలో భివండీ పంపిణీ టొరెంట్ పవర్ చేతికి వచ్చింది. అంతకు ముందు కోతలు గుర్తున్నవాళ్ళకు ఇప్పుడు సుఖమే అనిపిస్తుంది. కానీ ఆ 14 గంటల మధ్యలో ఒక్క నిమిషం పోయినా చాలు. యూపీఎస్ లేకుండా ఈ పని మొదలెట్టవద్దు. యూపీఎస్ నుంచి పెట్టెకు యూఎస్‌బీ తీగ వేస్తే, బ్యాటరీ అయిపోయే ముందు పెట్టె తనంతట తానే మర్యాదగా పడుకుంటుంది. ఈ తీగ చాలామంది అట్టపెట్టెలోనే వదిలేస్తారు.

మార్పిడి అయ్యాక ట్రయల్ బ్యాలెన్సు తేల్చాలి. బ్యాంకులో కోర్ బ్యాంకింగుకు మారినప్పుడు ముందు రోజు రాత్రి మొత్తాలు, మరునాడు ఉదయం మొత్తాలు పైసాతో సహా కలిసేదాకా తలుపులు తెరవలేదు. ఇక్కడ కూడా అంతే, ఫోల్డరు వారీగా ఫైళ్ళెన్ని, బరువెంత అని ముందు రాసుకున్న కాగితంతో పోల్చాలి. మిత్రుడి దగ్గర అన్నీ కలిశాయి. టాలీ తెరుచుకుంది. విండోస్ 11 సంతకం అడిగింది, పెట్టె పెట్టింది. ఒక్క ఫైలు మాత్రం తెరుచుకోలేదు. పెద్దమ్మాయి పెళ్ళి వీడియోలో రెండో భాగం, అప్పగింతల పాటలు. పేరుంది, బరువుంది, లోపల చెడిపోయిన చోట. యూఎస్‌బీ నకల్లోనూ అదే. ఆ చోటు ఎన్నాళ్ళ క్రితం చెడిందో, ఎవరూ తెరవలేదు గనుక తెలియలేదు. ఆ భాగంలో ఆయన తల్లిగారు పాడారు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. మిత్రుడు ఏమీ అనలేదు, లేచి వెళ్ళి వరండాలో కూర్చున్నారు. వదినగారు మాత్రం ఫోను తీసుకుని వరసగా చుట్టాలందరికీ చేశారు. షోలాపూర్‌లో ఉన్న పినతల్లి కొడుకు పెళ్ళి అయిన వారానికి పెన్ డ్రైవ్‌లో వేసుకుపోయాడట. మూడో రోజుకు వచ్చింది. పూర్తిగా ఉంది.

షోలాపూర్ పెన్ డ్రైవ్ చేసింది ఏమిటో గమనించండి. అది భివండీలో లేదు, అంతే. 2005 జులై 26న ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్కరోజే 944 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు భివండీ లోతట్టు వీధుల్లోనూ నీళ్ళు నిలిచాయి. ఆనాడు పెట్టె, దాని పక్కనే యూఎస్‌బీ నకలు ఉన్నా రెండూ ఒకే నీళ్ళలో ఉండేవి. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్ళో. ఈ సూత్రం ప్రపంచమంతా చెప్పేదే గానీ, మనకున్నంత సులువు ఇంకెవరికీ లేదు. అందరికీ ఊళ్ళో ఒక ఇల్లుంది, అన్నో బావమరిదో ఉన్నాడు. దసరాకో బతుకమ్మకో వెళ్ళేటప్పుడు ఒక డిస్కు పట్టుకెళ్ళి బీరువాలో పెట్టి, అక్కడున్న పాతది వెనక్కి తెచ్చుకుంటే ఏడాదికి ఒక నకలు తిరుగుతుంది. తాళం వేసి, అంటే పాస్‌వర్డుతో ముద్ర వేసి పెట్టండి. ఆ పాస్‌వర్డు ఇంటావిడకు కూడా తెలియాలి.

మన పుస్తకాల విషయంలోనూ ఇదే జరిగింది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. తర్వాత ఆ సైటు మూతపడింది. అప్పటికే కొందరు వాటి నకళ్ళను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చి ఉండటం వల్ల ఈనాడు మనం ఆ పాత పుస్తకాలు ఇంట్లో కూర్చుని తెరవగలుగుతున్నాం.

చివరిగా తీసేసిన పాత డిస్కుల సంగతి. మంచి పాత డిస్కును ఒక నెల కదపకుండా దాచండి, మీద "ఎడమ, తేదీ" అని చీటీ అంటించి. కొత్తవి సాఫీగా నడిచాయని తేలాక దాన్ని పూర్తిగా తుడవాలి. ఫైళ్ళు డిలీట్ కొడితే తుడిచినట్టు కాదు, చిట్టాలో విషయసూచిక చింపినట్టు మాత్రమే, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. డిస్కు మొత్తం మీద సున్నాలు రాసే సాధనం పెట్టెలోనే సాధారణంగా ఉంటుంది. జబ్బు డిస్కు అయితే తుడుపు పడదు, మూత విప్పి పళ్ళేలు విరగగొట్టాలి. అది పిల్లలు లేనప్పుడు, కళ్ళద్దాలు పెట్టుకుని చేయండి, కొన్ని డిస్కుల్లో పళ్ళేలు గాజువి. ఆ తర్వాతే బయటికి. అదీ భంగార్ బండికి కాదు, లైసెన్సు ఉన్న ఈ-వేస్ట్ వాళ్ళకు. వీధి చివర భంగార్‌వాడు కిలో లెక్కన ఇచ్చే డబ్బులకు ఆశపడి, అయిదేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లతో సహా డిస్కులు తూకం వేయించిన వాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు.